గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి

(అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు నర్సింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, వేదిక మీది పెద్దలకి, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న వాళ్లకి కూడా. శాలువా కప్పారు, సంతోషం. మే నెల ఎండల్లో మనిషికి శాలువా ఎందుకు కప్పుతారో రిటైరయ్యాక కూడా నాకు అర్థం కాలేదు, పోనీండి. నాకిచ్చిన అంశం ప్రజారోగ్యం, సామాజిక ఆరోగ్య నర్సింగ్, వాటి పునాదులు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. 1920లో విన్‌స్లో ప్రజారోగ్యానికి ఇచ్చిన నిర్వచనం ఉంది, 1978లో ఆల్మా ఆటాలో ప్రాథమిక ఆరోగ్యం మీద చేసిన ప్రకటన ఉంది, అవన్నీ మీ పుస్తకంలోనూ ఉన్నాయి, పరీక్ష ముందు రోజు మీరెలాగూ బట్టీ పడతారు. అందుకని ఆ కాగితాలు పక్కన పెడుతున్నా. నేను బీపీ గురించి మాట్లాడతా. అసలు బీపీ గురించి కూడా కాదు, గర్భిణుల కార్డులో బీపీ రాసే గడి గురించి.

ముందు జాన్ స్నో అనే డాక్టరు సంగతి చూద్దాం. 1854, లండన్, సోహో, బ్రాడ్ స్ట్రీట్ పంపు, కలరా, సెప్టెంబర్ 8న హ్యాండిల్ పీకేశారు, అయిదు మార్కులు. అంతే కదా? ఆ అయిదు మార్కుల జవాబులో ఎవరూ రాయని మనిషి ఒకడున్నాడు. హెన్రీ వైట్‌హెడ్. ఆ పేట చర్చిలో పనిచేసే కుర్ర పాస్టరు. ఆ పంపు నీళ్ల వల్లే కలరా వచ్చిందని స్నో అంటే ఆయన నమ్మలేదు. తప్పని నిరూపిద్దామని బయల్దేరి ఇంటింటికీ తిరిగాడు, ఒకసారి వెళ్లిన ఇంటికే మళ్లీ మళ్లీ వెళ్లాడు, ఎవరు ఏ నీళ్లు తాగారు, ఎవరు ఎప్పుడు పోయారు అని అడుగుతూ. ఆ ఇళ్లవాళ్లు ఆయనకి తెలిసినవాళ్లే కాబట్టి తలుపు తీసి కూర్చోబెట్టి చెప్పారు. తిరిగిన కొద్దీ స్నో మాటే నిజమని ఆయనకే తేలింది.

ఇక నాకు ఇష్టమైన ముక్క చెబుతా, వినండి. మరణాల రిజిస్టరు తిరగేస్తుంటే ఆయనకి ఒక నమోదు కనబడింది. నలభయ్యో నంబరు ఇల్లు, అయిదు నెలల పాప, సెప్టెంబర్ 2న చనిపోయింది, చనిపోయే ముందు నాలుగు రోజులు విరేచనాలు. అంటే పేటంతా జనం పిట్టల్లా రాలిపోక ముందే ఆ పాపకి జబ్బు మొదలైంది. వెళ్లి తల్లిని అడిగాడు. పాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందున్న మురుగు గుంటలో పోశానంది. తవ్వి చూస్తే ఆ గుంట గోడలు శిథిలమై మురుగు బయటికి ఊరుతోంది, పంపు బావికీ దానికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. ఆరువందల మందికి పైగా చనిపోయిన ఆ కలరా ఎక్కడ మొదలైందో అలా దొరికింది. ఎవరో గుమాస్తా ఆ రిజిస్టర్లో నాలుగు రోజుల విరేచనాలు అని రాసుండకపోతే? ఏదో జ్వరం అని రాసి, సంతకం గీకి, పుస్తకం మూసేసి ఉంటే? ఆ గుమాస్తా పేరు చరిత్రలో లేదు. ఎవరికైనా ఆయన ఫొటో దొరికితే చెప్పండి, మా ఇంట్లో దండ వేసి పెట్టుకుంటా.

అదే ఏడాది నవంబర్‌లో, క్రిమియా యుద్ధమప్పుడు, మన ఫ్లోరెన్స్ నైటింగేల్ టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరింది. మనం ఆవిడ చేతిలో దీపం పెట్టి బొమ్మ గీసి, దండేసి ఊరుకున్నాం. ఆవిడ అక్కడ చూసిన మొదటి గందరగోళాల్లో ఒకటి రికార్డులు. మరణాలకి మూడు రిజిస్టర్లుంటే మూడింట్లో మూడు లెక్కలు. యుద్ధంలో తగిలిన గాయాలతో పోయినవాళ్ల కంటే, ఆపగలిగిన జబ్బులతో పోయినవాళ్లే చాలా ఎక్కువని ఆవిడ చెప్పగలిగిందంటే ఆ లెక్కల్ని సరిచేసి కూర్చినందువల్లే. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యురాలైంది, ఆ సొసైటీకి మొదటి మహిళా సభ్యురాలు ఆవిడే. ఇవాళ ఈ హాల్లో దీపాలు వెలిగించి ప్రమాణం చేశారు, బాగుంది. ఒక రిజిస్టరు కూడా పట్టుకుని ప్రమాణం చేయిస్తే ఇంకా బాగుండేది.

చరిత్రలో మిగతాది గబగబా చెప్పేస్తా. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, తన భార్యకి చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సునే పేదల ఇళ్లకి పంపాడు. మూడు నెలలకి కుదిరితే నెల తిరక్కుండానే ఆవిడ నావల్ల కాదంది, ఆ ఇళ్లలో దరిద్రం చూడలేక. ఆయన బతిమాలి ఆపాడు. మీలో ఎవరికైనా కమ్యూనిటీ పోస్టింగులో మొదటి వారమే ఏడుపొస్తే ఆవిణ్ణి తలుచుకోండి. తర్వాత న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్, 1893. వలస వచ్చిన ఆడవాళ్లకి ఇంటి వైద్యం క్లాసు చెబుతుంటే ఒక చిన్నపిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది, వెళ్లి చూస్తే ఆ పిల్ల తల్లి బాలింత, రక్తస్రావంతో పడి ఉంది. పబ్లిక్ హెల్త్ నర్స్ అనే పేరు పెట్టింది వాల్డే. మన దగ్గరికొస్తే 1946లో ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ నలభై వేల జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మిడ్‌వైఫ్‌లు అని రాసింది. నలుగురు! మీరు ఈసారి వెళ్లినప్పుడు మీ పీహెచ్‌సీలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వచ్చి, మలేరియాకి ఒకరు, టీకాలకి ఒకరు, కుటుంబ నియంత్రణకి ఒకరు ఎందుకు, అన్నీ ఒకరే చేస్తారంది. అలా ఊళ్లు తిరిగే నర్సమ్మ, అదే ఏఎన్ఎం, నెత్తిన అన్నీ పడ్డాయి. ఇప్పుడు అయిదు వేల మందికి ఆవిడ పనిచేసే సబ్ సెంటర్ ఒకటి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో మూడు వేలకి ఒకటి. కాగితం మీద.

ఇక అసలు విషయం. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పటి మాట, మనకి 108 అంబులెన్సులు రాక ముందు. డెల్టాలో కాలువ గట్టు మీద ఒక ఊరు, పేరు చెప్పను. మొదటి కాన్పు అమ్మాయి, ఎనిమిదో నెల, పుట్టింటికొచ్చి ఉంది. నేను వెళ్లేసరికి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ముందు నా కంట్లో పడింది ఆ పిల్ల మట్టెలు. వేళ్లకి కోసుకుపోయి ఉన్నాయి, చుట్టూ కండ పైకి లేచింది. తీయమ్మా అంటే సబ్బు రాసినా రావట్లేదండి అంది. తల్లేమో, "కడుపుతో ఉన్నప్పుడు కాళ్లకి నీరు పట్టడం మామూలే కదమ్మా, మా రోజుల్లో మాకు పట్టలేదా" అంటోంది. తలనొప్పి ఉందా అంటే రెండు రోజులుగా ఉందట, ఎండకనుకుందట. కార్డు తెమ్మన్నా. నాలుగు నెలలుగా నాలుగు సార్లు బీపీ రాసి ఉంది. నాలుగు సార్లూ 110/70, అంటే అంతా మామూలే. అందమైన చేతిరాత.

అరుగు మీద పేపరు పరిచి బ్యాగు పెట్టా. పై జేబులోంచి సబ్బు, తువ్వాలు తీసి చేతులు కడుక్కున్నాకే బ్యాగు తెరిచా. ఆ వరస మీకు నేర్పేది వైవాలో అప్పజెప్పడానికి కాదు తల్లీ, ఇంకో ఇంటి జబ్బు ఈ ఇంటికి మోసుకురాకుండా ఉండటానికి. బీపీ చూస్తే 160/110. కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూశా, అంతే. మూత్రం టెస్ట్ ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద పై భాగం కాస్తే తెల్లగా మబ్బు కట్టింది. రెండు మూడు చుక్కలు అసిటిక్ యాసిడ్ వేస్తే, ఫాస్ఫేట్లయితే మబ్బు విడిపోతుంది. విడిపోలేదు. అంటే మూత్రంలో ప్రోటీన్ పోతోంది, ఇంత బీపీతో అదీ ఉంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం. ఇప్పుడు మీకు స్ట్రిప్పులొచ్చాయి, ముంచి రంగు చూస్తే అయిపోయె, కానీ ఆ రోజు ఆ తండ్రి పక్కన నిలబడి ఆ ట్యూబుని చూశాడు చూడండి, నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. అప్పటిదాకా "రేపు మంచి రోజు కాదు, ఎల్లుండి తీసుకెళ్తాం" అన్న మనిషి, పరిగెత్తి ఊళ్లో ఉన్న ఒక్క అంబాసిడర్ కారు అడిగి తెచ్చాడు. ఏరియా ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు, రాలేదు. కాన్పు ముందే చేయాల్సొచ్చింది, పిల్ల రెండు కిలోలు కూడా లేదు, ఇద్దరూ బతికారు.

మీరిప్పుడు ఆ కార్డు రాసిన ఏఎన్ఎంని తిట్టుకుంటున్నారు కదా? నాకు తెలుసు. తిట్టకండి. వానలో మోకాలి లోతు బురదలో వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని, ఐస్ ప్యాకులు కరగకుండా చూసుకుంటూ తిరిగే మనిషి ఆవిడ. టీకా ఒక్కటి తప్పిపోనిచ్చేది కాదు. ఆవిడ బీపీ మిషన్ బల్బు చిరిగిపోయి చాలా కాలమైంది. కొత్తది కావాలని ఇండెంటు పెట్టింది, మళ్లీ పెట్టింది, స్టాకు లేదన్నారు. మరి 110/70 ఎలా వచ్చింది తల్లీ అని అడిగితే ఏమందో తెలుసా? "గడి ఖాళీగా ఉంటే మీటింగులో నిలబెడతారు మేడమ్. ఇది రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

ఎవరూ ఏమీ అడగరు! నా కోపం ఇక్కడే. ఆ నెలవారీ మీటింగుల్లో నేనూ కూర్చున్నాను. ఇంత శాతం, అంత శాతం, నీ సెంటర్ ఎందుకు వెనకబడింది, నిలబడు. 1996లో కుటుంబ నియంత్రణ టార్గెట్లు తీసేశామని పైనుంచి ప్రకటించారు, మీటింగుల్లో ఆ అరుపులు మాత్రం తీసేయలేదు. ఖాళీ గడి చూసి "ఎందుకమ్మా ఖాళీ, మిషన్ లేదా, పంపిస్తాం" అన్న మాట నేను ఆ గదుల్లో వినలేదు. ఒక్క ఊళ్లో పది గడులు ఖాళీగా ఉంటే, ఇక్కడ మిషన్ లేదు అని పైవాడికి తెలుస్తుంది. పది గడుల్లో 110/70 ఉంటే ఆ ఊళ్లో గర్భిణులందరూ నిక్షేపంగా ఉన్నట్టు లెక్క. ఆ లెక్కలే జిల్లాకి, రాష్ట్రానికి వెళ్తాయి, వాటి మీదే మిషన్లెన్ని కొనాలో, మందులెక్కడికి పంపాలో తేలుస్తారు. అంటే ఆవిడకి మిషన్ రాకపోవడానికి ఆవిడ చేత రాయించిన ఆ అంకెలే కారణమవుతాయి, ఎంత విడ్డూరమో చూడండి.

ఇప్పుడు ట్యాబులొచ్చాయి కదా, మోసం కుదరదు అంటారు. కొన్ని యాప్‌లలో గడి నింపకపోతే పేజీ ముందుకే కదలదు. సిగ్నల్ లేని ఊళ్లో, గుమ్మంలో అత్తగారు నిలబడి ఎంతసేపమ్మా అంటుంటే, వెనక ఇంకో పది ఇళ్లుంటే, ఆ పిల్ల ఏం చేస్తుంది? ఏదో ఒకటి కొడుతుంది. యాప్ తయారుచేసేవాళ్లు ఎవరైనా ఈ మాట వింటుంటే, 'చూడలేదు, కారణం ఇది' అని ఒక్క బటన్ పెట్టండి నాయనా, మీకు పుణ్యముంటుంది. అన్నట్టు, ట్యాబు చూసుకుంటూ ఇల్లు చూడటం మానేస్తున్నారు. ఆ పిల్ల మట్టెలు ఏ గడిలోనూ లేవు. ఐరన్ మాత్రలు ఇచ్చారా అంటే ఇచ్చాం అని టిక్కు పెడతాం, మింగుతోందా అని ఎవరు అడుగుతారు? బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుతుందని పెరట్లో పారేస్తారు కొందరు, విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేస్తారు కొందరు. కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, అత్తగారితో నాలుగు మాటలు మాట్లాడితే గానీ అది బయటికి రాదు.

టైమైపోయిందని చీటీ పంపారు. రెండే నిమిషాలు.

పిల్లలూ, వచ్చే నెల మీకు గ్రామీణ పోస్టింగు ఉందట. ఇంటింటి ఆరోగ్య వివరాలు రాసే ఫ్యామిలీ ఫోల్డర్లు ఎలా నింపుతారో నాకు తెలుసు, ఒకరిది చూసి పదిమంది, హాస్టల్లో కూర్చుని, రాత్రి పన్నెండింటికి. నవ్వకండి. ఈసారి చూసిందే రాయండి, చూడనిది ఖాళీగా వదలండి, పక్కన ఎందుకు చూడలేదో ఒక్క ముక్క రాయండి: ఇంట్లో లేరు, చెప్పనన్నారు, మిషన్ పనిచేయలేదు. మేడమ్ గారూ, ఇది మీకు. ఆ ఖాళీలకి మార్కులు కొయ్యకండి. కారణం రాసిన ఖాళీకి పూర్తి మార్కులివ్వండి. ఇంకోటి, బస్సెక్కే ముందు మీ కాలేజీ బీపీ మిషన్లన్నీ ఒకసారి గాలి కొట్టి చూపించండి, ఎన్ని పనిచేస్తున్నాయో. జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆలోచించుకునే చెప్పండి, కాకపోతే మైకులో అడిగాను కాబట్టి అందరూ విన్నారు.