నీరు ఎక్కడ ఆగిందో అక్కడిదాకా నడవాలి
(లింక్డ్ సర్వర్ల మధ్య తెగే దారుల గురించి భీమవరంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

మా నాన్నగారు పశ్చిమ డెల్టాలో కాలువ లస్కరుగా పనిచేశారు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన నీరు నరసాపురం వైపు శివారు చేలకు చేరాలంటే ఎన్ని లాకులు, ఎన్ని తూములు దాటాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. శివారు రైతులు వచ్చి "మాకు నీరు అందడం లేదు" అంటే ఆయన సైకిలు తీసి గట్టు వెంట బయలుదేరేవారు. లాకు దగ్గర మట్టం చూసేవారు, ఆ తర్వాత పిల్ల కాలువ తూము, ఆ తర్వాత బోదె. నీరు ఎంతవరకు వచ్చి ఆగిందో తేలేదాకా ఏ తలుపూ ముట్టుకునేవారు కాదు. పై తూము షట్టరు పూర్తిగా ఎత్తించమని కొందరు పట్టుబట్టేవారు. ఎత్తితే శివారుకు కాస్త నీరు వెళ్లేదేమో కానీ పై చేలు మునిగేవి.

ఇరవై ఏళ్లుగా డేటాబేస్ సర్వర్ల మధ్య పనిచేస్తున్న నాకు ఆ నడకే పని నేర్పింది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ఒక సర్వర్‌లో రాసిన క్వెరీ, అంటే డేటా అడిగే ఆదేశం, నేరుగా మరో సర్వర్‌లోని టేబుల్‌ను చదివేలా ఏర్పాటు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దాన్ని లింక్డ్ సర్వర్ అంటారు, ఒరాకిల్‌లో డేటాబేస్ లింక్ అంటారు. మన జిల్లాలో ఇది బాగా వాడుకలో ఉంది. రొయ్యల మేత తయారీదారుల లెక్కలు పట్నంలోని కార్యాలయంలో ఉంటాయి, ఉత్పత్తి వివరాలు ప్లాంటులో ఉంటాయి. రైస్ మిల్లులో వేబ్రిడ్జి కంప్యూటర్ ఒకచోట, బిల్లింగ్ మరోచోట. రెండింటినీ కలిపిన లింకు తెగితే లారీ గేటు దగ్గరే నిలబడిపోతుంది. అప్పుడు మనకు ఫోను వస్తుంది.

ఫోను రాగానే చాలామంది తమ లాప్‌టాప్ తెరిచి, అవతలి సర్వర్‌కు తామే కనెక్టయి చూసి "నాకు పనిచేస్తోందే" అంటారు. ఆ పరీక్ష వల్ల తేలేది ఏమీ లేదు. లింకు దారి మీ లాప్‌టాప్ నుంచి మొదలు కాదు, మొదటి సర్వర్ నుంచి మొదలవుతుంది. పేరును ఐపీ చిరునామాగా మార్చుకునేది ఆ సర్వరే, ఫైర్‌వాల్ ఆపేది కూడా ఆ సర్వర్‌నే. ఒరాకిల్‌లో ఓఆర్ఏ-12154, అంటే ఇచ్చిన పేరు ఎక్కడిదో తెలియలేదన్న ఎర్రర్ వస్తే కొత్తవాళ్లు తమ కంప్యూటర్‌లో పేర్లకు చిరునామాలు రాసి ఉంచే టీఎన్ఎస్‌నేమ్స్ ఫైలును పదేపదే సరిదిద్దుతారు. డేటాబేస్ లింక్ చదివేది సర్వర్‌లో ఉన్న ఫైలును. కాబట్టి పరీక్ష ఏదైనా మొదటి సర్వర్ మీద నిలబడి చేయండి. యంత్రం పలుకుతోందా అని మాత్రమే అడిగే పింగ్‌తో సరిపెట్టుకోవద్దు. పోర్టు అంటే ఆ యంత్రంలో ఒక్కో ప్రోగ్రాం వినే నంబరున్న తలుపు. పింగ్‌కు బదులు వచ్చినా పోర్టు మూసి ఉండవచ్చు, పింగ్‌ను అడ్డుకున్నచోట పోర్టు తెరిచి ఉండవచ్చు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌కు పోర్టు నంబరు ఇచ్చి అడగండి.

ఇక ఎర్రర్ సందేశాల సంగతి. వాటిని చూసి భయపడి మూసేస్తారు, లేదా మొదటి వాక్యం మాత్రమే చదివి వెతకడం మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ సందేశం గట్టు మీద నాటిన మైలురాయి. మీ అభ్యర్థన ఎంత దూరం వెళ్లిందో అది చెబుతోంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ చూపే ఎర్రర్ నంబర్లే చూడండి. 7202 అంటే ఇల్లే వదల్లేదు. ఆ పేరుతో లింక్డ్ సర్వర్ ఈ సర్వర్‌లో నమోదే కాలేదు. 11001 అంటే పేరుకు చిరునామా దొరకలేదు. 10060 అంటే అటువైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. చాలాసార్లు ఇది మధ్యలో ఫైర్‌వాల్ మింగేసిన ప్యాకెట్. 10061 అంటే యంత్రం దాకా వెళ్లింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేక తలుపు దగ్గరే తిప్పి పంపారు. ఈ చివరి రెండింటి మధ్య తేడా తెలిసినవాడికి సగం రాత్రి మిగులుతుంది. 18456 వచ్చిందంటే సంతోషించండి. దారి మొత్తం బాగుంది, అవతలి సర్వర్ మీతో మాట్లాడింది, మీరెవరో నమ్మలేదంతే. ఆ సమయంలో ఫైర్‌వాల్ నియమాలు మార్చేవాళ్లను చూశాను. నీరు చేలో పారుతుంటే లాకు తలుపులు విప్పడం లాంటి పని అది.

ఒక తుపాను రాత్రి సంగతి చెబుతాను. సముద్రం వైపు ఉన్న ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో కరెంటు పోయింది, జనరేటర్ ఆలస్యమైంది, సర్వర్ ఆగి మళ్లీ లేచింది. తెల్లవారేసరికి కార్యాలయం నుంచి లింకు లేదు. ప్లాంటులో మాత్రం అంతా పనిచేస్తోంది. కేబుల్ తెగిందన్నారు, మోడెమ్ మార్చారు, మధ్యాహ్నం దాకా ఆ గొడవే. నేను వెళ్లి అవతలి సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిచాను. సర్వర్ లేచినప్పుడు ఏ పోర్టులో వింటోందో అందులో రాస్తుంది. పాత లాగ్‌లో ఉన్న నంబరు వేరు, ఆ ఉదయం నంబరు వేరు. అది నేమ్డ్ ఇన్‌స్టెన్స్, అంటే యంత్రంలో విడి పేరుతో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్. అలాంటివి మామూలుగా డైనమిక్ పోర్టు, అంటే అప్పటికి ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్టు తీసుకుంటాయి. మళ్లీ లేచినప్పుడు పాత పోర్టే తీసుకోవాలని చూస్తాయి కానీ ఆలోగా దాన్ని ఇంకో ప్రోగ్రాం పట్టుకుంటే కొత్తది వెతుక్కుంటాయి. ఫైర్‌వాల్‌లో మాత్రం పాత నంబరుకే దారి ఇచ్చి ఉంది. కొత్త నంబరు చెప్పాల్సింది ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ సర్వీసు. అది యూడీపీ 1434లో అడిగినవాళ్లకు బాగానే చెబుతోంది, చెప్పిన చోటికి వెళ్లేసరికి తలుపు మూసి ఉంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో డైనమిక్ పోర్టు గడి ఖాళీ చేసి, పక్క గడిలో ఒక స్థిరమైన నంబరు రాసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టి, ఫైర్‌వాల్‌లో ఆ నంబరుకు దారి ఇచ్చాను. లింకులో సర్వర్ పేరు తర్వాత కామా పెట్టి ఆ నంబరు చేర్చాను. కామాయే, కోలన్ కాదు. ఈ ఒక్క గుర్తు దగ్గర గంటలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అసలు కష్టం ఇది కాదు. నెట్‌వర్కు దారి మొండిదే కానీ నిజాయితీ గలది. గుర్తింపు దగ్గరే మనుషులు దారి తప్పుతారు.

ఎన్‌టీ అథారిటీ అనానిమస్ లాగాన్‌కు ప్రవేశం లేదు అనే సందేశం మీలో చాలామంది చూసి ఉంటారు. సర్వర్ ముందు కూర్చుని నడిపితే క్వెరీ పనిచేస్తుంది, మన బల్ల దగ్గర నుంచి నడిపితే పనిచేయదు. లక్షణం ఇదైతే జబ్బు పేరు డబుల్ హాప్. మీరు విండోస్ గుర్తింపుతో మొదటి సర్వర్‌లోకి వెళ్లారు. అక్కడ మీరెవరో రుజువైంది. ఇప్పుడు ఆ సర్వర్ మీ పేరు మీద రెండో సర్వర్‌కు వెళ్లాలి. మీరెవరో తెలిసినంత మాత్రాన మీ తరఫున కోర్టులో నిలబడే హక్కు ఎవరికైనా వస్తుందా? వకాల్తా ఇవ్వాలి. ఎన్‌టీఎల్ఎం అనే పాత పద్ధతిలో ఆ వకాల్తాకు చోటే లేదు, అందుకే రెండో గుమ్మం దగ్గర మీరు పేరు లేని మనిషిగా నిలబడతారు. కెర్బెరోస్ అనే పద్ధతిలో చోటుంది, కానీ దానికి కాగితాలు సరిగా ఉండాలి. రెండు సర్వర్ల సర్వీసులకూ ఎస్‌పీఎన్ అనే నమోదు పేరు, విండోస్ ఖాతాల పుస్తకమైన యాక్టివ్ డైరెక్టరీలో ఉండాలి, అదీ ఒక్కో పేరు ఒక్క ఖాతా కిందే. మొదటి సర్వర్ సర్వీసు ఖాతాకు డెలిగేషన్ అనుమతి, అంటే ఆ వకాల్తా ఇవ్వాలి. మీ సొంత ఖాతా మీద "డెలిగేట్ చేయరాదు" అన్న గుర్తు ఉండకూడదు.

తెలుసుకోవడం సులువే. మొదటి సర్వర్‌కు మీ బల్ల నుంచి కనెక్టయి డీఎం ఎగ్జెక్ కనెక్షన్స్ అనే వ్యూలో మీ సెషన్ వరుస చూడండి. ఆథ్ స్కీమ్ గడిలో ఎన్‌టీఎల్ఎం అని ఉంటే ముందుకు వెళ్లి లాభం లేదు, ఎస్‌పీఎన్ దగ్గరికి వెనక్కి రండి. సెట్‌ఎస్‌పీఎన్ ఆదేశానికి ఎక్స్ అక్షరం ఇస్తే రెండు ఖాతాల కింద పడిన పేర్లన్నీ చూపిస్తుంది. సర్వీసు ఖాతా మార్చినప్పుడు పాత నమోదు తీయడం మరచిపోతారు, అదే చాలాసార్లు దోషి. గడియారం కూడా చూడండి. కెర్బెరోస్ మామూలు అమరికలో 5 నిమిషాలకు మించిన తేడాను సహించదు. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోయిన సర్వర్ కరెంటు పోయి వచ్చాక ఏ కాలంలో లేస్తుందో ఊహించండి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. ఈ కాగితాలన్నీ సరిచేయడానికి ఓపిక లేక చాలాచోట్ల ఒక అడ్డదారి పడతారు. లింక్డ్ సర్వర్ భద్రత పేజీలో చివరి ఎంపిక నొక్కి, అందులో అవతలి సర్వర్‌లో సర్వాధికారాలున్న ఎస్ఏ ఖాతా, దాని పాస్‌వర్డ్ రాసేస్తారు. ఎర్రర్ మాయమవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ క్షణం నుంచి మొదటి సర్వర్‌లోకి రాగలిగిన ప్రతివాడూ రెండో సర్వర్‌కు యజమాని. గేటు దగ్గర తూకం నమోదు చేసే ఖాతాతో జీతాల టేబుల్ తుడిచేయవచ్చు. లింక్డ్ సర్వర్‌ను ఎవరు వాడవచ్చో విడిగా అనుమతి ఇచ్చే ఏర్పాటు లేదు, ఆ లాగిన్ మ్యాపింగే ఏకైక కాపలా. ఇదే ఎత్తేసిన షట్టరు. విండోస్ డొమైన్ లేని చిన్న సంస్థల్లో ఎస్‌క్యూఎల్ లాగిన్ తప్పదు, ఒప్పుకుంటాను. అప్పుడు అవతల ఒక కొత్త లాగిన్ చేయండి, కావలసిన రెండు మూడు టేబుళ్లు చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, అవసరమున్న స్థానిక లాగిన్లనే దానికి జతచేయండి, మిగిలినవాళ్లకు కనెక్షన్ ఇవ్వవద్దు అన్న ఎంపిక పెట్టండి. పదిహేను నిమిషాల పని. సర్టిఫికెట్ సంగతీ ఇంతే. లింకును నడిపే ఓఎల్ఈ డీబీ డ్రైవర్ 19వ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అన్నదే మొదటి అమరిక. పాత డ్రైవర్ మార్చగానే నమ్మకం లేని సర్టిఫికెట్ అంటూ లింకు ఆగుతుంది. సర్వర్‌కు సరైన సర్టిఫికెట్ ఇప్పించండి, ఏదైనా నమ్ము అన్న గడి కొట్టి వదిలేయకండి.

18456 వచ్చినప్పుడు ఇంకొకటి. అడిగినవాడికి సర్వర్ అసలు కారణం చెప్పదు, కావాలనే చెప్పదు. స్టేట్ 1 అని మాత్రమే పంపుతుంది. నిజమైన స్టేట్ అవతలి సర్వర్ లాగ్‌లో ఉంటుంది. 5 అయితే ఆ లాగిన్ అక్కడ లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 38 అయితే అడిగిన డేటాబేస్ తెరవలేకపోయింది, 58 అయితే ఆ సర్వర్ విండోస్ గుర్తింపునే ఒప్పుకుంటుంది. అవతలి లాగ్ చదివే హక్కు మీకు లేకపోతే, అది ఉన్నవాళ్ల ఫోను నంబరు ముందే రాసి పెట్టుకోండి.

మధ్యలో ఆగే క్వెరీల విషయంలో గడియారమే సాక్షి. సరిగ్గా పది నిమిషాలకు ఆగిందంటే అది రిమోట్ క్వెరీ టైమౌట్, మామూలు విలువ 600 సెకన్లు. దారి తెగలేదు, పెద్ద టేబుల్ మొత్తాన్ని ఇవతలికి లాక్కొచ్చి ఇక్కడ వడపోస్తున్నారు. ఓపెన్‌క్వెరీ వాడి వడపోత అవతలే జరిపించండి. చదవడం జరిగి, ట్రాన్సాక్షన్‌లో రాయబోతే 7391 వస్తే అది డీటీసీ పని, అంటే రెండు సర్వర్లలో జరిగే ట్రాన్సాక్షన్‌ను ఒకటిగా నడిపే సర్వీసు పని. దానికి 135 పోర్టు, దానితోపాటు పెద్ద నంబర్లలో ఉండే డైనమిక్ పోర్టులు కావాలి, రెండు సర్వర్లూ ఒకదాని పేరు ఒకటి గుర్తుపట్టాలి. ఒకే ఇమేజ్ నుంచి నకలు తీసిన రెండు యంత్రాలైతే డీటీసీ గుర్తింపు సంఖ్య కూడా ఒకటే అయి ఉంటుంది, తీసి మళ్లీ స్థాపించాలి.

ఇంతవరకు మాటలు. ఈ బల్ల మీద రెండు యంత్రాలున్నాయి, వాటి మధ్య ఒక లింకు ఉంది. మీరు వచ్చే ముందే నేను దాన్ని ఒకచోట తెంచాను. ముందు వరుసలో ఉన్న అమ్మాయీ, మీరు రండి. ఆ మొదటి సర్వర్ ముందు కూర్చుని, టెస్ట్ లింక్డ్ సర్వర్ ప్రొసీజర్ నడిపి, వచ్చిన సందేశం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అందరికీ వినపడేలా చదవండి.