రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నారా? మా బాబాయ్ ప్లేట్ లెక్క చూడండి

నమస్తే అండీ. ఇవాళ కొంచెం చిరాగ్గానే మాట్లాడతాను, ఏమనుకోకండి. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ ఆఫీస్ క్యాంటీన్‌లో కూర్చున్నా ఒకటే డైలాగ్ వినిపిస్తోంది, "నేను రాత్రిపూట రైస్ తినట్లేదండీ, చపాతీయే, బరువు తగ్గుదామని". ఆ చెప్పేటప్పుడు మొహంలో అదొక త్యాగం చేసిన ఫీలింగ్. అన్నం ఏదో హత్య చేసినట్టు!

మా బాబాయ్ కూడా ఇదే బ్యాచ్. పేరు చెప్పను, చెప్తే పిన్ని ఫోన్ చేస్తుంది. ఈ వీడియో అంతా మనం ఆయన రాత్రి భోజనమే చూద్దాం.

[స్క్రీన్ మీద పాత ప్లేట్: అన్నం, పప్పు, చారు, పెరుగు]

ఇది మానేయకముందు. రైస్ కుక్కర్‌తో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తారు కదా, దాంతో ఒక కప్పు బియ్యం అంటే దాదాపు 150 గ్రాములు. వండితే బాబాయ్‌కి ఒక పూటకి సరిపోయేది. బియ్యం 100 గ్రాములకి సుమారు 350 కేలరీలు, అంటే ఆ కప్పుకి 520 దాకా.

[కొత్త ప్లేట్: నాలుగు చపాతీలు, ఆలూ కుర్మా]

ఇది ఇప్పుడు. పిన్ని చపాతీ ఎలా చేస్తుందో నేను దగ్గర నిలబడి చూశాను. ఉండ పెద్దదే, తూకం వేస్తే 40 గ్రాముల పిండి ఉంటుంది. ఒత్తి, లోపల నూనె రాసి, మడతపెట్టి మళ్ళీ ఒత్తి, పెనం మీద వేశాక అంచుల చుట్టూ ఇంకొంచెం నూనె, "లేకపోతే గట్టిగా అట్టముక్కలా ఉంటుందిరా" అని. మొత్తం మీద చపాతీకి ఒక టీస్పూన్ నూనె పడుతోంది. ఇప్పుడు లెక్కేయండి. నాలుగు చపాతీలకి 160 గ్రాముల గోధుమపిండి, అది కూడా 100 గ్రాములకి 330 ప్రాంతంలోనే ఉంటుంది, అంటే మళ్ళీ అదే 520, 530! పైన నాలుగు స్పూన్ల నూనె, స్పూన్‌కి 45 చొప్పున 180. మొత్తం 700. కుర్మా ఇంకా లెక్కలోకి రాలేదు, గమనించండి.

అంటే త్యాగం చేసి మరీ ఎక్కువ తింటున్నాడు పాపం.

ఇక్కడ అసలు ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది, నాకు బాగా ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఇదే. అన్నం పోతే అన్నం ఒక్కటే పోలేదు, దాంతో వచ్చే పప్పు పోయింది, చారు పోయింది, పెరుగు పోయింది. చపాతీలోకి చారు పోసుకోం కదా. కాబట్టి ఆలూ కుర్మా వచ్చింది, పిండిలోకి పిండి, ప్రోటీన్ తగ్గిపోయింది. దాంతో పదకొండింటికి మళ్ళీ ఆకలి, "పెరుగన్నం రెండు ముద్దలు తినకపోతే నిద్ర పట్టదే" అని గిన్నె తీస్తాడు. ఆ రెండు ముద్దలు లెక్కలోకి రావట, ఎందుకంటే రాత్రి రైస్ మానేశాడు కదా! ఆర్నెల్లయినా బరువు తగ్గకపోతే థైరాయిడ్ ఏమో అని టెస్టులు. టెస్ట్ చేయించుకోవడం తప్పు కాదు, కానీ ముందు ఆ నూనె స్పూన్ వైపు కూడా ఒకసారి చూడాలి కదా.

మీరు అడుగుతారు, మరి మా ఫ్రెండ్ చపాతీతోనే తగ్గాడు కదా అని. తగ్గుతారు! ఎందుకంటే చపాతీలని లెక్కపెట్టొచ్చు. రెండు అంటే రెండే. అన్నానికి ఆ సౌకర్యం లేదు, "ఇంకొంచెం వేసుకో, చారులోకి కావద్దా, పెరుగులోకి కావద్దా" అని వడ్డిస్తూనే ఉంటారు, మనవాళ్ళ ఇళ్ళల్లో వద్దంటే అలక కూడా. మీ ఫ్రెండ్‌ని తగ్గించింది ఆ రెండు అన్న అంకె. బాబాయ్ కూడా రెండు పుల్కాలు, గిన్నెడు పప్పు తిని ఉంటే కథ వేరే ఉండేది. లేదా అన్నమే అరకప్పు బియ్యంతో వండించుకుని, మిగతా ప్లేట్ పప్పు, బీరకాయ కూరతో నింపినా సరిపోయేది.

ఇంకో మాట, పిండిపదార్థం బాగా తగ్గిస్తే మొదటి వారంలో కిలో, కిలోన్నర టక్కున పడిపోతుంది. సంబరపడకండి, అందులో ఎక్కువ నీళ్ళే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్, అంటే పిండిపదార్థం నిల్వ, ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది. ఒక పెళ్ళి భోజనం చేస్తే వెనక్కి వచ్చేస్తుంది.

రాగులు, కొర్రలు అంటారా? మంచివే. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది, రాగుల్లో కాల్షియం అయితే 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే. కానీ కేలరీల్లో అవి కూడా 320 నుంచి 350 మధ్యే. కొర్రలు కదా అని రెండు ప్లేట్లు లాగించేస్తే అంతే సంగతులు. రాయలసీమ వాళ్ళకి తెలుసు, సంగటిలో ఎలాగూ బియ్యం కూడా పడుతుంది, నాటుకోడి పులుసు పక్కన పెడితే ముద్ద ఎంత సైజో ఎవరూ చూడరు.

షుగర్ ఉన్నవాళ్ళ విషయం కొంచెం వేరు. పాలిష్ పట్టిన తెల్లన్నం షుగర్‌ని త్వరగా పెంచుతుంది కాబట్టి డాక్టర్ మార్చమంటే మార్చండి, ఈ వీడియో చూసి మందులు, తిండి మీ ఇష్టానికి మార్చేయకండి.

మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది ఏంటంటే, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దని. ధాన్యాలు అంటే బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి. బాబాయ్ ప్లేట్‌లో ఒకదాని బదులు ఇంకోటి వచ్చింది, ధాన్యాల వాటా మాత్రం తగ్గలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నూనె. ఇంట్లో నెలకి ఎన్ని లీటర్ ప్యాకెట్లు చింపుతున్నారో చూడండి. నలుగురికి ఆరు ప్యాకెట్లు అయితే తలకి రోజుకి 45 గ్రాములు, అంటే 400 కేలరీలు కనిపించకుండా వెళ్ళిపోతున్నాయి.

ప్రోటీన్. 60 కిలోల మనిషికి రోజుకి కనీసం 50 గ్రాములు. గుడ్డుకి 6, కందిపప్పు 100 గ్రాములకి 22 ఉంటుంది కానీ పప్పుచారులో మన వాటాకి వచ్చేది గుప్పెడు కూడా కాదు, పలచగా చేసి పప్పు తిన్నాం అనుకోవద్దు. శనగలు, పెసలు, చికెన్, మీల్‌మేకర్, ఏదో ఒకటి పూటపూటకీ ఉండాలి.

వాకింగ్. అరగంట గట్టిగా నడిస్తే 130, 150 కేలరీలు, పిన్ని చేసే ఒక్క చపాతీకి కూడా చాలదు! గుండెకి, షుగర్‌కి చాలా మంచిది, మానొద్దు, కానీ నడిచొచ్చి నెయ్యి కారం దోశ తినడానికి అది లైసెన్స్ కాదు. వారానికి రెండు రోజులు కండలకి పని కూడా పెట్టండి, జిమ్ అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి పుషప్‌లు, చాలు మొదలుపెట్టడానికి. మోకాళ్ళ నొప్పులు ఉంటే ఫిజియోని అడిగి చేయండి.

బరువుతో పాటు టేప్ కూడా వాడండి. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలి. పొట్ట లోపలికి లాగి కొలవొద్దు, బాబాయ్ అలాగే కొలుస్తాడు.

మీ రాత్రి ప్లేట్‌లో ఏముందో కింద రాయండి, నూనె స్పూన్లతో సహా, నాలుగైదు తీసుకుని వచ్చే వీడియోలో లెక్క కడదాం. బజ్జీలు "ఈవెనింగ్ స్నాక్, డిన్నర్ కాదు" అని దాచేవాళ్ళు, అవి కూడా రాయాలి.