లోకల్ ఇచ్చాకే కుట్టండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. తమను తామే గాయపరచుకుని క్యాజువాల్టీకి వచ్చే మానసిక రోగుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

కేస్‌షీట్ మీద ‘సైకియాట్రీ కేసు’ అని పడగానే క్యాజువాల్టీలో పరీక్ష సగంలో ఆగిపోతుంది. తీవ్రమైన సైకోసిస్‌లో, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితిలో ఉన్న మనిషి నొప్పి ఉన్నా చెప్పకపోవచ్చు. కడుపు నొక్కితే కిమ్మనలేదని లోపల అంతా బాగుందనుకోవద్దు, స్కాన్‌కి పంపండి. శ్వాస, రక్తస్రావం ముందు, మానసిక చరిత్ర తర్వాత.

చేతి మీద గాయం ఉందనుకోండి. లోకల్, అంటే గాయం చుట్టూ మొద్దుబార్చే మందు ఎక్కించక ముందే వేళ్లలో స్పర్శ చూడాలి, ఎక్కించాక చూస్తే ఏమీ తెలియదు. ప్రతి వేలినీ విడిగా, ఎదురు బలం పెట్టి కదిలించాలి. సగం తెగిన టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి తాడు కూడా వేలిని వంచుతుంది, కొన్నాళ్లకు పుటుక్కున తెగుతుంది. అందుకే మొద్దుబారాక వేలు ఆడిస్తూ గాయం అడుగుదాకా కళ్లతో చూడాలి.

ఇక అసలు సంగతి. ‘తనే చేసుకున్నాడుగా, నొప్పి తెలిస్తే బుద్ధి వస్తుంది’ అంటూ లోకల్ ఇవ్వకుండా కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ హాల్లోనూ ఉండొచ్చు. అయ్యా, అమ్మా, అది వైద్యం కాదు, శిక్ష! ఆ మొద్దుబార్చే మందు లిగ్నోకైన్, అడ్రినలిన్ కలపనిదైతే కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల వరకు. 1 శాతం మందైతే 60 కిలోల మనిషికి 18 మిల్లీలీటర్ల వరకు ఇవ్వొచ్చు. పట్టేదాకా ఓ ఐదు నిమిషాలు ఆగలేమా? శిక్ష రుచి చూసిన రోగి మళ్లీ గాయమైతే ఆసుపత్రికి రాడు, ఇంట్లోనే దాచుకుంటాడు. బుద్ధి రావాల్సింది ఎవరికి?

మాత్రలు మింగారా అని కూడా అడగండి. పారాసెటమాల్ మోతాదు మించి మింగినవాళ్లు మొదటి రోజు మామూలుగానే కనిపిస్తారు. మింగిన 4 గంటలకు రక్తంలో స్థాయి చూడాలి. 8 గంటల్లోపు మొదలుపెడితే దాని విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ బాగా పనిచేస్తుంది.

కంటికి తీవ్రంగా గాయం చేసుకున్నవాళ్లలో రెండో కన్నూ పరీక్షించండి. కన్ను లాగిన దెబ్బ ఆప్టిక్ కయాజ్మా, అంటే రెండు కళ్ల నరాలూ కలిసే చోటు దాకా పోతే ఆ కంటి చూపూ కొంత పోవచ్చు. పైగా ‘ఇలా చెయ్యి’ అని ఆజ్ఞాపించే, ఎదుట లేని గొంతులు రోగికి ఇంకా వినబడుతుంటే ఆ కన్నూ ప్రమాదంలో ఉన్నట్టే. ‘ఏం చెయ్యమంటున్నాయి? చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

రోగి పక్కనే ఒక మనిషిని కాపలా పెట్టండి, రోగి బాత్రూమ్‌కి వెళ్లినా సరే. కాపలా తప్పేది ఎక్కువగా డ్యూటీ మారేటప్పుడే. కొత్త సిస్టర్ వచ్చి మంచం దగ్గర నిలబడేదాకా పాత సిస్టర్ కదలకూడదు.