బోటు ఇంజిన్‌లో ఆయిల్ ఎక్కడ కారుతోంది?

శ్రోతలందరికీ నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఆ రెండు నెలలూ వలలు బాగుచేసేవాళ్లు ఒకవైపు, రంగులు వేసేవాళ్లు ఇంకోవైపు, ఇంజిన్లు విప్పే మాలాంటివాళ్లు మరోవైపు. ఆ రోజుల్లో నేను తరచుగా వినే మాట "ఆయిల్ కారుతోంది, ఒక్కసారి వచ్చి చూడు" అని. ఇవాళ దాని గురించే చెబుతాను. పొలంలో డీజిల్ ఇంజిన్ ఉన్నవాళ్లు, ట్రాక్టరు ఉన్నవాళ్లు కూడా వినండి, మీకూ పనికొస్తుంది.

కొన్నేళ్ల కిందట మా బావ బోటులో ఇంజిన్ వెనకాల, ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని కప్పే హౌసింగ్ కింద చుక్క చుక్కగా ఆయిల్ పడేది. బోటు నడిపే సరంగు చూశాడు, నేను చూశాను. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని వెనక ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, ఆయిల్ సీల్, పోయిందని ఇద్దరం తేల్చేశాం. ఆ సీల్ ఖరీదెంత, కొంచెమే. దాని దాకా చేరడమే పెద్ద పని. షాఫ్టు విడదీయాలి, చైన్‌బ్లాక్ కట్టి గేర్‌బాక్సు దించాలి, ఫ్లైవీల్ విప్పాలి. నడుం వంచితే మళ్లీ ఎత్తడానికి చోటు లేని ఇంజిన్ గదిలో రెండు రోజులు పట్టింది. కొత్త సీల్ వేసి స్టార్ట్ చేశాం. గంట తిరక్కుండా అదే చోట మళ్లీ చుక్క. బావ ఒక్క మాట అనలేదు. ఆ చుక్క వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఇప్పటికీ ఆ కూర్చోవడం గుర్తే.

బోటులో ఇంజిన్ మట్టంగా ఉండదు. బోటును నీళ్లలో తోసే పంకా నీళ్లలో ఉండాలి కాబట్టి షాఫ్టు వాలుగా వెళుతుంది, దానితోపాటు ఇంజిన్ కూడా వెనక్కి వాలి కూర్చుంటుంది. పైన, ముందు, పక్కన ఎక్కడ కారినా ఆయిల్ ఆ వాలు పట్టుకుని జారి జారి హౌసింగ్ కిందకే చేరుతుంది. చుక్క పడేచోట వెతికితే దొరకదు. తడిగా ఉన్నవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు వెతకాలి.

అలా వెతకాలంటే ముందు ఇంజిన్ కడగాలి. కిరోసిన్‌తో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో ఆరతుడవండి. కరెంటు వైర్లు, గాలి పీల్చే గొట్టం తడవకుండా కప్పండి. పెట్రోలు మాత్రం వద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుని ఒక్క రవ్వకే భగ్గుమంటుంది. ఆరాక అనుమానం ఉన్నచోటల్లా ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. మెడలో తువ్వాలు తీసి అవతల పెట్టి, తిరిగే బెల్టుకు దూరంగా నిలబడి ఇంజిన్ నడపండి.

బావ బోటులో అలాగే చేశాం. పది నిమిషాలు ఏమీ లేదు. ఇంజిన్ వేడెక్కింది. తెల్లటి పౌడరు మీద, ఆయిల్ ఒత్తిడిని పట్టి చెప్పే ప్రెషర్ స్విచ్ మొదట్లో, ఆవగింజంత నల్లమచ్చ లేచింది. అది గీతయింది. ఆ గీత బ్లాకు గట్టు పట్టుకుని, స్టార్టరు వెనకగా, సరిగ్గా హౌసింగ్ దాకా నడిచింది. స్విచ్ మార్చడానికి ఒక పానా, పది నిమిషాలు చాలాయి.

ఎక్కువసార్లు తప్పు ఇలాంటి చిన్నచోటే దొరుకుతుంది. ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, దాని కింది ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు కింద రాగి వాషరు, ఫిల్టరు రబ్బరు. ప్యాకింగ్ కారుతోందని బోల్టులు బలంగా బిగిస్తే కార్కు పిండైపోయి ఇంకా కారుతుంది. సిలికాన్ ముద్దలుగా పూయకండి. లోపలికి పిండుకున్న ముక్క తెగిపడి, ఆయిల్ పీల్చే జాలికి అడ్డుపడితే ఇంజినే పోతుంది.

నాలుగైదు చోట్ల ఒకేసారి కారుతుంటే సీళ్లు కొనకముందు బ్రీదర్ గొట్టం చూడండి. అది మూసుకుపోతే లోపలి గాలికి దారి లేక, ఆ ఒత్తిడే ఆయిల్‌ను ప్రతి సందులోంచీ తోస్తుంది. గొట్టం శుభ్రంగానే ఉండి, అందులోంచి పొగ బుసబుసా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం.

నిజంగానే వెనక సీల్ పోతే, కొత్తది వేసేముందు క్రాంకు మీద గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా అదే గాడిలో కూర్చుని కారుతుంది. చోటుంటే సీల్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి, దాని లోపలి అంచుకు ఆయిల్ రాసి ఎక్కించండి.

కంటికి కనపడని కారుడు ఒకటుంది, అదే నాకు ఎక్కువ భయం. ఇంజిన్ పొడిగా ఉంటుంది, గేజు కడ్డీలో మట్టం మాత్రం రోజూ తగ్గుతుంది. నీలిపొగ కూడా లేకపోతే ఉప్పునీటితో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ విప్పించండి. లోపల గొట్టానికి చిల్లు పడితే, నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది ఉప్పునీటిలో కలిసి బయటికి పోతుంది. ఆపాక నీరు ఆయిల్‌లోకి రావచ్చు. కడ్డీ తీస్తే పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆ నీళ్లతో నడిపితే బేరింగులు మిగలవు.

ఇక అడుగున చేరిన ఆయిల్ నీళ్లు. వాటిని పంపు పెట్టి హార్బర్‌లోకి తోడేయకండి, సబ్బు పోసి విరగ్గొట్టకండి. సబ్బుతో తెట్టు పైన కనపడదు, నీళ్లలో కలిసి చేపపిల్లల దగ్గరికే పోతుంది. కాటన్ వేస్టుతో అద్ది, డబ్బాలో పట్టి ఒడ్డుకు తెండి. పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

జూన్ 14 సాయంత్రం ఇంజిన్ కింద పాత పేపరు ఒకటి పరిచి ఉంచండి. వేకువన ఐసు ఎక్కించేముందు దాన్ని బయటికి తీసి వెలుతురులో చూడండి.