పడిశానికీ పిల్లికూతలకూ నడుమ మూడు రోజులు

సభకు నమస్కారం. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టే అక్టోబరు, నవంబరు నెలలలో, బిడ్డను భుజాన వేసుకుని వచ్చే తల్లులు నాతో తరచు చెప్పే మాట ఒకటుంది: "మూడు దినాల కింద పడిశం పట్టింది డాక్టరమ్మా, రాత్రినుంచీ రొమ్ములో పిల్లికూతలు ఇనిపిస్తా ఉండాయి." ఇంట్లో పెద్దలు వానలో తడవడాన్నో, పెరుగన్నాన్నో తప్పుపడతారు గాని, ఆ మూడు రోజులలో శ్వాసనాళాలలో ఏమి జరిగిందన్నదే నేను ఈ పూట వివరించదలచుకున్న విషయం.

జలుబుకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యే రైనోవైరస్‌లలో 160కి పైగా రకాలున్నాయి. వీటిలో 2006లో వెలుగుచూసిన 'సి' వర్గం పసిపిల్లలలో తీవ్రమైన ఆయాసానికి తరచు కారణమవుతుంది. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక పదార్థాన్ని వెంటనే విడుదల చేయాలి. ఉబ్బసం ఉన్నవారిలో పలువురికి ఈ స్పందన ఆలస్యంగానో, తక్కువగానో ఉంటుందని పరిశోధనలు చూపాయి. ఆలోగా దెబ్బతిన్న లోపొర పంపే సంకేతాలకు ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి, గోడలు వాస్తాయి, కఫం ఊరుతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. సన్నని గొట్టంలో గాలి సాఫీగా సాగేటప్పుడు దాని వ్యాసం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. అసలే సన్ననైన పసిబిడ్డ నాళాలకు ఇది ఎంతటి భారమో ఊహించండి.

జలుబు తగ్గినా కథ అంతటితో ముగియకపోవచ్చు. ఉబ్బసం పాతబడిన నాళాలలో కఫాన్నిచ్చే కణాలు పెరిగి, లోపొర కింద కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుని, కండరం మందమై కనిపిస్తుంది. వాపు పెరగకపోయినా, నాళాలు పదేపదే బిగుసుకోవడం ఒక్కటే ఇటువంటి మార్పులకు దారితీయగలదని 2011లో వెలువడిన ఒక ప్రయోగం తేల్చడం నన్ను ఎంతగానో ఆలోచింపజేసింది.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో, అలర్జీ లేదా ఉబ్బసం ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తొలి మూడేళ్లలో రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవారిలో ఆరో ఏటికి ఉబ్బసం కనిపించే అవకాశం దాదాపు పది రెట్లు ఎక్కువ. అయితే వైరస్ ఉబ్బసాన్ని నాటుతోందా, లేక పుట్టుకతో ఉన్న బలహీనతను బయటపెడుతోందా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. రెండూ కొంతమేరకు నిజమేనని నా అభిప్రాయం. పసితనంలో కూత వచ్చిన పిల్లలందరికీ ఉబ్బసం రాదన్న సంగతి కూడా తల్లులు ధైర్యంగా గుర్తుంచుకోవాలి.

వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. ఉబ్బసం నిర్ధారణ అయిన బిడ్డకు రోజూ వాడమన్న నివారణ ఇన్‌హేలర్‌ను, 'అలవాటు పడిపోతాడేమో' అన్న భయంతో కూత తగ్గగానే ఆపేస్తున్నారు. అది మత్తుమందు కాదు, గోడల వాపును అణచే మందు. తలంటి పోశాక సాంబ్రాణి పొగ పట్టడం మనకు ప్రీతికరమైన ఆచారమే అయినా, ఏ పొగైనా ఈ నాళాలను రేపుతుంది గనుక ఇటువంటి బిడ్డకు దయచేసి వద్దు. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల నడుమ చర్మం లోపలికి లాగుతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.