సైడ్‌కారు చాటున కారే గేర్ ఆయిల్

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బండి వెనక సీటు మీద కూర్చోలేదు. ఆటో ఎక్కాలంటే మెట్టు ఎత్తవుతుంది. అందుకే నాన్న కాలం నాటి పాత బుల్లెట్‌కు సైడ్‌కారు, అంటే బండి పక్కన ఒక చక్రం మీద నడిచే సీటు తొట్టి, బిగించి ఉంచాను. అది నేలకు దగ్గరగా ఉంటుంది, పీట మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది అమ్మ. విశాఖపట్నంలో మా ఇంటి నుంచి సింహాచలం అప్పన్న దర్శనానికి ఆమెను అలాగే తీసుకెళ్తాను.

ఒకసారి దర్శనం అయ్యాక కొండ దిగుతున్నాం. మలుపు దగ్గర వెనక బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు, జారుకుంటూ పోతోంది. గుండె ఝల్లుమంది. ముందు బ్రేకు కొద్దికొద్దిగా పట్టి, రెండో గేరులోకి దించి, ఇంజను పట్టు మీదే మెల్లగా కొండ వారకు తీసుకొచ్చి ఆపాను.

"ఏంట్రా, ఆపేశావ్?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, ఇంజను కాస్త చల్లారనీ" అన్నాను.

దిగి కుడివైపు చూశాను. అంతా పొడిగా, శుభ్రంగా ఉంది. ఎడమవైపుకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, సైడ్‌కారుకూ వెనక చక్రానికీ మధ్య ఉన్న సందులో చెయ్యి పెట్టాను. వేళ్లకు జిగురుగా, చిక్కగా ఆయిల్ అంటింది. వాసన చూశాను. ఘాటుగా, కుళ్లిన గుడ్డులాంటి గంధకపు వాసన. ఇంజను ఆయిల్‌కు ఆ వాసన ఉండదు. అది గేర్ ఆయిల్.

ఆ రోజు నుంచి ఈ సంగతి పది మందికీ చెప్పాలని నా మనసులో ఉంది. సైడ్‌కారు బండిలో గేర్ ఆయిల్ కారితే నేల మురికవుతుందన్నది చిన్న విషయం. పక్కన కూర్చున్నది మన అమ్మో, మన బిడ్డో అన్నది అసలు విషయం.

పాత నాలుగు గేర్ల బుల్లెట్ నిర్మాణం కాస్త చెప్పాలి. ఇది మద్రాసులో 1955 నుంచి తయారైన బండి. ఇందులో మూడు చోట్ల మూడు ఆయిళ్లు ఉంటాయి. ఇంజనుకు ఒకటి, క్లచ్ ఉండే చైన్‌కేసుకు ఒకటి, గేర్‌బాక్సుకు ఒకటి. దేనిది దానికే. కిక్కర్, గేర్ లివర్, గేర్‌బాక్సు మూతలు అన్నీ కుడివైపు ఉంటాయి. అక్కడ చుక్క కారితే రోజూ కనిపిస్తుంది. ఎడమవైపున క్లచ్ వెనకాల చిన్న స్ప్రాకెట్, అంటే పళ్ల చక్రం, ఉంటుంది, దాని నుంచి గొలుసు వెనక చక్రానికి వెళ్తుంది. వెనక బ్రేకు డ్రమ్ము కూడా ఆ గొలుసు పక్కనే, ఎడమవైపే ఉంది.

ఇక మన రోడ్లకు సైడ్‌కారు బిగించేదీ ఎడమవైపే. అంటే కారితే ఎక్కువ ప్రమాదం ఉన్న చోటునే అది కప్పేస్తోంది. సైడ్‌కారు లేని బండిలో ఆ ఆయిల్ టైరు మీద మెరుస్తూ ఎవరో ఒకరి కంటపడుతుంది. సైడ్‌కారు ఉన్న బండిలో వంగి చూస్తే తప్ప కనపడదు. స్ప్రాకెట్ దగ్గర కారిన ఆయిల్‌ను గొలుసు తిరుగుతూ విసిరికొడుతుంది. అది రిమ్ము మీద, టైరు పక్కన, డ్రమ్ము అంచున పడుతుంది. లోపలికి కాస్త దిగిందంటే, డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు ఆయిల్ పీల్చుకుంటాయి. అలా పీల్చుకున్న షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తారు కొందరు. దయచేసి అలా చేయకండి. పైన ఆరినట్టు కనిపించినా, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది. షూలు మార్చడమే దారి.

ఇంకో మాట. చాలా సైడ్‌కార్ల చక్రానికి బ్రేకు ఉండదు. మనం బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, సైడ్‌కారు మాత్రం తన బరువుతో ముందుకే పోవాలని చూస్తుంది. అప్పుడు బండి ముందుభాగం కుడివైపుకు, అంటే ఎదురొచ్చే వాహనాల వైపుకు లాగుతుంది. వెనక బ్రేకు సరిగా పని చేయక ముందు బ్రేకును ఒక్కసారి గట్టిగా పట్టేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

సరే, కారుతోంది. ఏం చేయాలి? చాలామంది వెంటనే ఆయిల్ సీలు, అంటే తిరిగే ఇరుసు (షాఫ్టు) చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం, మార్చమంటారు. నేను ముందు బండి కడగమంటాను. గేర్‌బాక్సు చుట్టూ కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో బ్రష్షు పెట్టి జిడ్డంతా పోయేలా కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. బ్రేకు డ్రమ్ము వైపు ఆ కిరోసిన్ పోకుండా గుడ్డ అడ్డం పెట్టండి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు గానీ, మెత్తని సుద్దపొడి గానీ పలుచగా చల్లండి. నాలుగైదు కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చిలైటు వేసి చూడండి. పొడి తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నది, అన్నిటికన్నా ముందువైపున్నది ఎక్కడుందో వెతకండి. ఆయిల్ అక్కడి నుంచే బయలుదేరింది. మిగతాదంతా గాలికి వెనక్కి, బరువుకు కిందికి పారింది. చుక్క నేల మీద పడిన చోటును నమ్ముకుంటే మంచి సీలును ఊడదీసి, పాడైనదాన్ని అలాగే వదిలేస్తాం.

రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరవండి. ఇంజను ఆయిల్ నల్లగా, పలుచగా పాకుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఒక్కచోటే నిలుస్తుంది, వాసన పట్టిస్తుంది.

ఒక్కోసారి బయట ఒక్క చుక్కా పడదు, అయినా గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. ఇది చాలామందిని తికమక పెడుతుంది. బుల్లెట్ గేర్‌బాక్సు ప్రధాన షాఫ్టు బోలుగా ఉంటుంది. దాని లోపల నుంచి క్లచ్‌ను నెట్టే కడ్డీ, అదే పుష్ రాడ్, కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. అక్కడ అరుగుదల ఉంటే ఆ కడ్డీ వెంబడే ఆయిల్ చైన్‌కేసులోకి చేరుతుంది. క్లచ్ జారడం మొదలవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మనం క్లచ్ ప్లేట్లు అరిగాయనుకుని మార్చేస్తాం. ప్లేట్లు మార్చేముందు చైన్‌కేసు ఆయిల్ లెవెల్ చూడండి. మీరు పోసినదానికన్నా ఎక్కువ ఉంటే, ఆ పెరిగిన ఆయిల్ గేర్‌బాక్సు నుంచి వచ్చిందే.

నా బండి కథకు వస్తాను. స్ప్రాకెట్ దగ్గర సీలు పోయింది నిజమే. కానీ అది పోవడానికి కారణం నేనే. సైడ్‌కారు బరువుకు గొలుసు తొందరగా సాగుతుంది. వదులైన ప్రతిసారీ నేను కాస్త ఎక్కువే బిగించాను. ఊగకుండా ఉంటే మంచిదనుకున్నాను. అంత బిగుతుగా ఉంటే గొలుసు స్ప్రాకెట్‌ను వెనక్కి లాగుతూనే ఉంటుంది. లోపల షాఫ్టు తిరిగే కంచు గొట్టం, అదే బుష్, ఒకవైపు అరిగింది, షాఫ్టు నడిమధ్య తిరగడం మానేసింది, షాఫ్టును తాకే సీలు అంచు, అదే పెదవి, ఒకవైపు నలిగి మరోవైపు తెరుచుకుంది. బుష్ మార్చకుండా కొత్త సీలు వేసినా నెలలోపే మళ్లీ కారేది. గొలుసు ఎంత ఊగాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. అమ్మనో నాన్ననో సైడ్‌కారులో కూర్చోబెట్టి, బరువు పడ్డాక కొలవండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటు లెక్కలోకి తీసుకోండి.

ఆ సీలు దాకా వెళ్లాలంటే చైన్‌కేసు, క్లచ్ ఊడదీయాలి. చాలా బళ్లకు సైడ్‌కారు తీస్తే గానీ చెయ్యి పట్టదు. తీసేముందు, సైడ్‌కారును బండికి పట్టి ఉంచే ఊతకడ్డీల మీద ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, లేదా పెయింటుతో గుర్తు పెట్టండి. లేకపోతే మళ్లీ బిగించాక బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు వారాల్లో అరిగిపోతుంది.

కొత్త సీలు వేసేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. పెదవికి కాస్త ఆయిల్ రాయాలి. షాఫ్టు మీది పదునైన గాడులకు సన్నటి టేపు చుట్టి దాని మీదుగా జరిపితే పెదవి తెగదు. వేలిగోటితో షాఫ్టును ఒకసారి తడమండి. పాత సీలు తిరిగిన చోట గోరు తట్టుకునేంత గాడి ఉంటే, కొత్త సీలు కూడా ఆ గాడిలోనే కూర్చుని కారుతుంది. దాన్ని ఒక మిల్లీమీటరు పక్కకు కూర్చోబెట్టే వీలుందేమో మెకానిక్‌ను అడగండి.

డ్రెయిన్ బోల్టు దగ్గర కారుతుంటే ఇంకా బలంగా బిగించవద్దు. అల్యూమినియం మరలు పోతాయి, ఖర్చు పదింతలవుతుంది. రాగి వాషరు గట్టిపడి ఉంటుంది, అంతే. దాన్ని పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మూతల ప్యాకింగులు మార్చేటప్పుడు స్క్రూడ్రైవరుతో గీకకండి, గీతపడిన చోట మళ్లీ కారుతుంది. అనాబాండ్ లాంటి గమ్ము ముద్దలుగా పూయకండి. బయటికి వచ్చింది మనకు కనపడుతుంది, లోపలికి పోయింది ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది అందరూ అడుగుతారు. పాత మెకానిక్‌లు ఈ గేర్‌బాక్సులో మెత్తని గ్రీజు వేసేవారు, కారదని. నిజమే, తక్కువ కారుతుంది. కానీ చిక్కని గ్రీజు మాత్రమే వేస్తే గేరు పళ్లు అందులో దారి చేసుకుంటాయి, పక్కకు తొలగిన గ్రీజు మళ్లీ వాటి దగ్గరకు రాదు. అందుకే గేర్ ఆయిలే మేలు. ఈపీ 90 రకం గేర్ ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద జీఎల్-4 అనే తరగతి గుర్తు ఉందేమో చూడండి. జీఎల్-5 రకాల్లో గంధకపు రసాయనాలు ఎక్కువ, వాటిలో కొన్ని కంచు, ఇత్తడి బుష్‌లకు పడవు. ఆయిల్ తీసినప్పుడు పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. బంగారు రంగు పొడి మెరిస్తే అది బుష్ అరుగుదల.

ఎక్కువ పోసినా కారుతుంది. సైడ్‌కారు బండి మూడు చక్రాల మీద నిలబడుతుంది కాబట్టి దాన్ని నిలబెట్టిన నేల ఎటు వాలితే లోపలి ఆయిల్ అటే వాలుతుంది. మా వీధి కాలువ వైపుకు వాలుగా ఉంటుంది. అక్కడ లెవెల్ చూస్తే ప్రతిసారీ తప్పే. చదునైన చోట చూడాలి.

రష్యాలోని ఇర్బిత్ పట్టణం పేరు సైడ్‌కారు బళ్లను ఇష్టపడేవారికి తెలిసే ఉంటుంది. 1941లో యుద్ధం వల్ల మాస్కో నుంచి తరలించిన కర్మాగారం అక్కడ ఉరాల్ అనే సైడ్‌కారు బళ్లు చేసింది. 2022 నుంచి వాటి తయారీ కజకిస్తాన్‌కు మారింది. ఆ బళ్లకు గొలుసు ఉండదు, దాని బదులు వెనక చక్రాన్ని తిప్పే షాఫ్టు ఉంటుంది. వెనక చక్రం దగ్గరి గేరు పెట్టెలో పట్టేది సుమారు 100 మిల్లీలీటర్ల ఆయిల్, ఒక టీ గ్లాసుడు. ఆ పెట్టెకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే, వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఆయిల్‌ను సీలు సందుల్లోంచి తోసేస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు. సన్నటి తీగతో ఆ రంధ్రం శుభ్రం చేస్తే ఆగుతుంది. ఏ బండి అయినా, గాలి దారి ఉంటే ముందు దాన్ని చూడండి.

తీసిన ఆయిల్ మురుగుకాలువలో పోయకండి. మూతపెట్టిన డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి.

మా బండికి బుష్, సీలు, బ్రేకు షూలు మూడూ మార్చాం. అమ్మ మళ్లీ రెండుసార్లు కొండకు వచ్చింది. బయలుదేరేముందు రోజు రాత్రి బండి కింద అట్ట పరుస్తాను, పొద్దున్నే టార్చి పట్టుకుని ఎడమవైపు వంగి చూస్తాను. పోయిన శనివారం ఆ వైపు ఏమీ లేదు. కుడివైపు కిక్కర్ కింద మాత్రం ఒక్క చుక్క పడి ఉంది. దాని చుట్టూ పెన్సిలుతో గీసి, తేదీ రాసి, అట్టను గోడకు ఆనించి పెట్టాను.

నమస్కారం.