ఐస్ మీద కార్లు వెళ్లే దీవిలో అసలు కష్టం ఎప్పుడు?

నమస్తే అండీ. చలికాలంలో దీవుల సంగతి ఎత్తితే చాలు, "నీళ్లు గడ్డకట్టాయంటే అక్కడివాళ్లు ఇరుక్కుపోయినట్టే" అనేస్తారు. ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం వైపు, సుపీరియర్ సరస్సులో మాడలిన్ అనే దీవి ఉంది. అక్కడివాళ్లు సరస్సు ఎప్పుడు గట్టిగా గడ్డకడుతుందా అని ఎదురుచూస్తారు.

దీవిలో ఊరు లా పాయింట్, అవతలి ఒడ్డున బేఫీల్డ్. మధ్యలో నాలుగు కిలోమీటర్ల నీళ్లు. మామూలు రోజుల్లో ఫెర్రీ, అంటే మనుషుల్నీ కార్లనీ దాటించే పెద్ద పడవ, ఉంటుంది. చలి ముదిరాక అదే నీళ్ల మీద ఐస్ రోడ్డు పడుతుంది. ఎవరి కారులో వాళ్లు, ఏ వేళకైనా వెళ్లొచ్చు. మంచు కురిసినప్పుడు దారి తప్పకుండా, పండగయ్యాక పారేసే క్రిస్మస్ చెట్లను రోడ్డు వెంట వరసగా నిలబెడతారు. ఎంత చక్కటి ఆలోచనో చూడండి!

మరి ఐస్ కారును ఎలా మోస్తుంది? నవారు మంచం మీద కూర్చుంటే చుట్టుపక్కల పట్టీలు కూడా కాస్త దిగుతాయి కదా, బరువును పంచుకుంటాయి. ఐస్ కూడా కారు కింద అలాగే వంగుతుంది, అడుగున నీళ్లు దాన్ని పైకి తోస్తుంటాయి. నవారు ఎంత బిగువుగా ఉందన్నట్టే ఇక్కడ ఐస్ ఎంత మందంగా ఉందన్నది లెక్క. మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి ఐస్ ఉండాలి, చిన్న కారుకైతే 9, 10 అంగుళాలు. తెల్లగా కనిపించే ఐస్‌కి బలం దాదాపు సగమే. అది వదులైపోయిన నవారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. కారు కదిలితే, దాని కింద ఐస్ వంగి పడిన పల్లం కూడా వెంటే కదులుతుంది, కింద నీళ్లలో అల లేస్తుంది. కారు వేగం ఆ అల వేగాన్ని అందుకుంటే అల పెరిగిపోయి ఐస్ పగలొచ్చు. అందుకే అందరూ మెల్లగా, బండికీ బండికీ ఎడం ఉంచి నడుపుతారు. ఒకవేళ మునిగితే వెంటనే బయటపడేందుకు సీటు బెల్టు తీసేసి, అద్దాలు దించుకుంటారు.

అసలు టెన్షన్ అంతా మధ్య రోజుల్లో. ఫెర్రీ పోలేనంత ఐస్ ఉంటుంది, కారును మోసేంత ఉండదు. పైగా గాలికి రాత్రికి రాత్రే చీలిపోతుంది. పట్టీలు తెగిన మంచం ఎక్కేదెవరు? అప్పుడు విండ్‌స్లెడ్ వస్తుంది. అడుగు చదునుగా, వెనక విమానం ఫ్యాన్ల లాంటివి తిరుగుతూ ఉండే బండి. ఐస్ మీద జారుతుంది, ఐస్ విరిగితే నీళ్లలో తేలుతుంది. బేఫీల్డ్ బడికి వెళ్లే పిల్లలు ఆ రోజుల్లో అందులోనే వెళ్తారు. కానీ కారు ఎక్కదు, సామాను చేత్తో మోసుకోవాల్సిందే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. వసంతం వస్తుంటే ఇదంతా తిరగబడుతుంది: రోడ్డు మూస్తారు, మళ్లీ విండ్‌స్లెడ్, ఆ తర్వాత ఫెర్రీ. 2023-24లో చలి చాలక అసలు రోడ్డే పడలేదు, చలికాలమంతా ఫెర్రీనే నడిచింది. "ఇంకేం, హాయే కదా" అనుకోకండి. దాటిన ప్రతిసారీ టికెట్ కొనాలి, ఆఖరి ఫెర్రీ తప్పితే ఆ రాత్రికి ఆ ఒడ్డునే పడుకోవాలి.